టైపు చేసేదొకటి, వెళ్ళేదొకటి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ ఫోన్ గొడవలే. ఒడిశాలో పర్లాకిమిడి నుంచి జయపురం దాకా అందరికీ దాదాపు ఒకటే బాధ, మనసులో అనుకున్నది ఒకటి, అవతలివాళ్ళు చదివింది ఇంకొకటి. కొన్నిటికే ఇక్కడ చోటు సరిపోయింది.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. చదువంతా ఒడియా మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడటమే, చదవాలంటే కూడబలుక్కోవాలి. అందుకే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతాను. మొన్న పాతపట్నం వెళ్ళిన మా ఆయనకి, అత్తయ్యకి కళ్ళు నొప్పిగా ఉన్నాయి, మందు తెండి అని మెసేజ్ పెడితే మోకాళ్ళకి రాసుకునే బామ్ తెచ్చారు. తప్పు నాదా, ఆయనదా?

జవాబు: ఇద్దరిదీ కాదు తల్లీ, ఆ ఇంగ్లీషు అక్షరాలది. కె, ఎ, రెండు ఎల్‌లు, యు కొట్టి చూడండి. అది కళ్ళూ అవుతుంది, కాళ్ళూ అవుతుంది, కల్లూ అవుతుంది. మీ ఆయన మూడోది తేలేదు, అంతవరకు నయం. మనకి పొట్టి అచ్చు వేరు, పొడుగు అచ్చు వేరు, ల వేరు, ళ వేరు. ఇంగ్లీషులో కొట్టేటప్పుడు ఆ తేడా ఎవరూ చూపించరు, చదివేవాడు సందర్భం చూసి ఊహించుకోవాల్సిందే, మందుల షాపు ముందు నిలబడి ఊహించుకుంటే బామే వస్తుంది మరి.

కొత్త యాప్ ఏదీ వేసుకోవద్దు. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి జీబోర్డ్, అంటే గూగుల్ వాళ్ళ కీబోర్డు, ముందే ఉంటుంది. కీబోర్డు తెరిచి పళ్ళచక్రం బొమ్మ నొక్కి, భాషల్లోకి వెళ్ళి తెలుగు చేర్చండి. అక్కడ ఏ పద్ధతిలో కావాలో అడుగుతుంది. ఒకటి నేరుగా అఆఇఈలు కనిపించేది. రెండోది ఏబీసీడీలు కొడితే తెలుగుగా మారేది, మీకు ఇదే సరిపోతుంది, ఎందుకంటే మీ వేళ్ళకి ఆ అలవాటు ఎలాగూ ఉంది. పైన వరసలో నాలుగైదు మాటలు చూపిస్తుంది కదా, అందులో సరైనదాన్ని మీరే ఎంచుకోవాలి, మొదటిదే నిజమని నమ్మేసి స్పేస్ కొట్టేయకండి. కూడబలుక్కునైనా చదవగలరు కాబట్టి కళ్ళుకీ కాళ్ళుకీ తేడా మీకు ఇట్టే తెలిసిపోతుంది. పదిరోజులు ఇలా చేస్తే చదవడం కూడా దానంతటదే సాఫీ అవుతుంది, మా ఇంట్లోనే చూశాను.

మూడోది వేలితో తెర మీద రాసేది. పలకా బలపం పట్టిన పెద్దవాళ్ళకి, కీబోర్డులో ‘ఱ’ ఎక్కడుందో వెతుక్కోలేనివాళ్ళకి అది హాయి. మీ అత్తగారికి నేర్పి చూడండి, కళ్ళు నొప్పి తగ్గాక. ఒడియా కూడా అలాగే చేర్చుకోండి, స్పేస్ బార్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే భాషల పట్టీ వస్తుంది, పుట్టింటికి ఒడియా, అత్తింటికి తెలుగు.

ప్రశ్న: గుణుపురంలో చిన్న కోచింగ్ సెంటర్ నడుపుతున్నాను. పిల్లల తల్లిదండ్రులకి ఎస్ఎమ్ఎస్‌లు పంపిస్తాం. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌గా వెళ్ళేది తెలుగులో పంపితే రెండు మూడు మెసేజ్‌లుగా లెక్కకొస్తోంది. డబ్బులు మూడింతలు. మోసమా?

జవాబు: మోసం కాదు, లెక్క. ఒక ఎస్ఎమ్ఎస్‌లో పట్టేది 140 బైట్లు, బైటుకి 8 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు, అందుకే 160 పడతాయి. తెలుగైనా ఒడియా అయినా హిందీ అయినా ఒక్కో గుర్తుకి 16 బిట్లు కావాలి, కాబట్టి 70 దగ్గర ఆగిపోతుంది. 71వది పడిందంటే మెసేజ్ రెండు ముక్కలవుతుంది, అప్పుడు ముక్కలని మళ్ళీ అతికించడానికి కొంత చోటు పోయి ఒక్కో దాంట్లో 67 మాత్రమే మిగులుతాయి. అంటే 134 దాటితే మూడు.

ఇందులో అసలు మెలిక ఏంటంటే, మనం చూసే అక్షరమూ ఫోన్ లెక్కపెట్టే అక్షరమూ ఒకటి కాదు. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం. ఫోన్‌కి అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. ‘రాష్ట్రం’ ఎనిమిది. నమ్మకపోతే ‘స్త్రీ’ కొట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కోసారే నొక్కుతూ పోండి, గుడిదీర్ఘం ముందు రాలిపోతుంది, తర్వాత ర, ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టు. ఒత్తులు ఎక్కువున్న మాటలు వాడితే బిల్లు పెరుగుతుంది, అందుకని “విద్యార్థుల తల్లిదండ్రులకు విజ్ఞప్తి” అని మొదలుపెట్టే బదులు సూటిగా “రేపు సెలవు” అనండి. వాళ్ళకీ అదే కావాలి.

ఇంకో సంగతి. మెసేజ్ అంతా ఇంగ్లీషులో రాసి చివర ఒక్క ‘శ్రీ’ పెట్టినా, ఒక్క నవ్వు బొమ్మ పెట్టినా మొత్తం మెసేజ్ 70 లెక్కలోకి జారిపోతుంది. కంప్యూటర్లో టైపు చేసి ఇక్కడ అతికించేవాళ్ళు వంకర కొటేషన్ గుర్తులు కూడా చూసుకోవాలి, వాటితోనూ ఇదే తంటా.

ప్రశ్న: బరంపురంలో పట్టుచీరల కొట్టు మాది. మా ఊరి పేర్లు, నేతకారుల పేర్లు, చీరల రకాల పేర్లు టైపు చేస్తే ఫోన్ తనకి తోచిన మాటకి మార్చేస్తోంది. రోజుకి యాభైసార్లు అదే అడ్రస్ కొట్టాలి. విసుగొస్తోంది.

జవాబు: ఫోన్ మన వీధిలో పుట్టలేదు కదండీ, మనమే నేర్పాలి. అదే జీబోర్డ్ సెట్టింగ్స్‌లో డిక్షనరీ, దాంట్లో సొంత డిక్షనరీ ఉంటాయి. భాష ఎంచుకుని మీ మాట చేర్చండి, ఇకమీదట దాన్ని తప్పనుకోదు. పక్కనే షార్ట్‌కట్ గడి ఉంటుంది. అక్కడ ‘కొఅ’ అని రెండక్షరాలు ఇచ్చి ఎదురుగా కొట్టు అడ్రస్ మొత్తం పెట్టుకోండి. ‘కొఅ’ కొట్టగానే పైన అడ్రస్ కనిపిస్తుంది, తాకితే పడిపోతుంది. షార్ట్‌కట్‌కి మామూలు మాటలు పెట్టకండి, నేను ఒకసారి ‘సరే’కి మా ఇంటి అడ్రస్ పెట్టుకుని, వారం రోజులు ఎవరు ఏమడిగినా ఇంటి అడ్రసే పంపాను. పిన్నులు, పాస్‌వర్డ్‌లు మాత్రం అక్కడ దాచొద్దు.

కాపీ చేసినవి క్లిప్‌బోర్డులో గంటసేపే ఉంటాయి, పిన్ చేస్తే నిలబడతాయి. ధరల పట్టిక లాంటివి పిన్ చేసుకోండి. మధ్యలో ఒక్క అక్షరం దిద్దడానికి బొటనవేలితో తెర మీద పొడుస్తుంటారే, అది మానేయండి, స్పేస్ బార్ మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపితే కర్సర్ కదులుతుంది. నాకు ఇది తెలిసిన రోజు ఇన్నేళ్ళు ఎంత పొడిచానో తలచుకుని బాధేసింది.

ప్రశ్న: జయపురం నుంచి. ఆఫీసు గ్రూపులో పెట్టాల్సింది మా బావగారి గ్రూపులో పడింది. ఏంచేయాలి?

జవాబు: వాట్సాప్ అయితే 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు, రెండున్నర రోజుల్లోపు అందరికీ కనపడకుండా తీసేయొచ్చు. తీసేసినట్టు గుర్తు మాత్రం మిగులుతుంది, దాన్ని చూసి బావగారు ఏమిటది అని అడగడం మానరు. దానికి నా దగ్గర మందు లేదు.

ప్రశ్న: రాయగడలో ఉంటాను, రిటైర్డ్ టీచర్‌ని. వేళ్ళు వణుకుతాయి. మైకు నొక్కి మాట్లాడితే తెలుగులో పడుతోంది కానీ ఏవేవో వస్తున్నాయి.

జవాబు: మాస్టారూ, ముందు కీబోర్డు తెలుగులో ఉందో లేదో చూడండి, ఇంగ్లీషులో పెట్టి తెలుగు మాట్లాడితే వింతలే వస్తాయి. ఒక్కో మాట ఆగి ఆగి చెప్పకండి, పాఠం చెప్పినట్టు పూర్తి వాక్యం ఒక్క ఊపులో చెప్పండి, వెనకా ముందూ మాటల్ని బట్టే అది సరిగ్గా పట్టుకుంటుంది. మాట చివర దీర్ఘం మింగొద్దు. “నేను రానా?” అని నేనడిగితే “నేను రాను” అని వెళ్ళింది, మా చెల్లెలు రెండ్రోజులు మాట్లాడలేదు. ప్రశ్న గుర్తు అది పెట్టి ఉంటుందని అనుకోకండి, చూసి చేత్తో పెట్టండి. అంకెలూ తేదీలూ కూడా పంపేముందు ఒకసారి చదువుకోండి.

మీ రెండో ప్రశ్న, భువనేశ్వర్ హాస్టల్‌లో ఉన్న మనవరాలు ఒడియాలో పెట్టే మెసేజ్‌లు అర్థం కావడం లేదన్నారు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు 2011లోనే వచ్చింది, ఒడియా 2020లో చేరింది. మెసేజ్‌ని నొక్కి పట్టుకుని కాపీ చేసి అందులో అతికించండి, భావం తెలిసిపోతుంది, సామెతలూ వెటకారాలూ మాత్రం తిన్నగా రావు. కాకపోతే ఆ అమ్మాయి ఒడియాని ఒడియా అక్షరాల్లోనే రాయాలి. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే మళ్ళీ పర్లాకిమిడి బామ్ కథే, ఒడియాలో.