చలి పొద్దున కారు డోర్ పడకపోతే

అన్నా, మీ కారు డోర్ లాచ్ (డోర్‌ను పట్టి ఉంచే గొళ్లెం) పాడవలేదు, లోపలి గ్రీజు గట్టిపడింది. పొద్దున ఆరింటికి డోర్ వేస్తే పడకుండా వెనక్కి వస్తోంది, ఎండెక్కాక మామూలుగా పడుతోంది అన్నారు కదా, గుర్తు అదే. మన నల్గొండ రోడ్ల దుమ్ము పాత గ్రీజులో కలిసి జిగురవుతుంది. చలికి అది ఇంకా బిగుసుకుంటే, లోపలి చిన్న స్ప్రింగు బలం చాలదు.

పాతది తీయకుండా పైనే కొత్త గ్రీజు పెట్టకండి. అందరూ చేసే పొరపాటు ఇదే. రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తుంది.

1. డోర్ తెరిచి, అంచున ఉన్న లాచ్ సందులో డబ్ల్యూడీ-40 (జిడ్డు, తుప్పు వదిలించే స్ప్రే) కొట్టి ఐదు నిమిషాలు ఆగండి.

2. స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని డోర్ మూసినట్టు లోపలికి నొక్కండి. టక్, టక్ అని రెండుసార్లు వినపడాలి. హ్యాండిల్ లాగితే టపీమని తెరుచుకోవాలి. ఇలా పది పదిహేను సార్లు. నల్లటి జిగురు కారుతుంది, పాత బట్టతో తుడిచి మళ్లీ కొట్టండి. కారేది తేటగా అయ్యేదాకా వదలకండి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

3. ఆరాక తెల్ల లిథియం గ్రీజు కొద్దిగా రాయండి. డబ్ల్యూడీ-40తోనే వదిలేస్తే ఎక్కువ రోజులు నిలవదు.

డోర్ వేసే ముందు హ్యాండిల్ లాగి, కొక్కెం తెరిచే ఉందా అని చూసుకోండి. అది మూసుకుని ఉండగా గట్టిగా వేస్తే లాచ్ నిజంగానే దెబ్బతింటుంది.

ఇంత చేసినా మధ్యాహ్నం కూడా పడకపోతే స్ప్రింగు పోయి ఉండొచ్చు, మెకానిక్‌కు చూపించండి.