ఎలుక ఫలితాన్ని మనిషికి అంటగట్టే ముందు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అధిక రక్తపోటు వల్ల అంగస్తంభన కణజాలం ఎలా దెబ్బతింటుందో జంతు ప్రయోగాల ఆధారంగా నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. చాలామంది చాటుమాటుగా దాటవేసే విషయాన్ని సూటిగా, మర్యాదగా రాశావు, అందుకు సంతోషించాను. అయితే మొదటి పేరాలోనే "బీపీ ఉన్నవారికి ఇలా జరుగుతుంది" అన్నావు. నీ ఆధారాలన్నీ ఎలుకల మీద జరిగినవి. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం గురించే.

ముందుగా అది ఏ ఎలుకో చెప్పు. క్యోటోలో ఒకామోటో, అవోకి అనే శాస్త్రవేత్తలు విస్టార్ అనే ప్రయోగశాల జాతి ఎలుకలలో రక్తపోటు ఎక్కువగా ఉన్నవాటిని తరతరాలుగా జతకట్టించి, ఎదిగేకొద్దీ దానంతటదే రక్తపోటు పెరిగే వంశాన్ని సాధించి 1963లో ప్రకటించారు. డోకా-ఉప్పు ఎలుక సంగతి వేరు: దానికి సాధారణంగా ఒక మూత్రపిండం తీసేసి, డీఆక్సీకార్టికోస్టెరోన్ హార్మోను ఇచ్చి, ఉప్పునీరు తాగిస్తారు. ఈ రెండింటి ఫలితాలనూ నువ్వు ఒకే పేరాలో కలిపేశావు. విడదీయాలి.

కొలత గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు గాని, అసలు కీలకం అక్కడే ఉంది. మత్తులో ఉన్న ఎలుకకు స్తంభన కలిగించే కావర్నస్ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించి, అంగంలోని స్పాంజి వంటి కణజాలంలో పీడనం ఎంత పెరిగిందో సన్నని సూది ద్వారా కొలుస్తారు. అదే సమయంలో ధమనిలోని సగటు రక్తపోటును కూడా నమోదు చేసి, మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తారు. ఎందుకు భాగించాలో పాఠకుడికి చెప్పు. మిద్దె మీది ట్యాంకును ఇంకా ఎత్తుకు లేపితే కుళాయి ధార జోరందుకోవాలి. మునుపటిలాగే వస్తోందంటే గొట్టంలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే. ఊహాంకెలేనని స్పష్టంగా చెప్పి, ఇలా చూపవచ్చు: ధమనిలో 100 ఉన్న ఎలుకకు లోపలి పీడనం 70 వస్తే నిష్పత్తి 0.7, ధమనిలో 160 ఉన్న ఎలుకకూ 70 వస్తే నిష్పత్తి సుమారు 0.44. లోపలి పీడనాన్ని మాత్రమే చూస్తే రెండూ సమానం. కానీ రెండవ ఎలుక కణజాలం తనకు అందుతున్న ఒత్తిడిని వాడుకోలేకపోతోంది.

నైట్రిక్ ఆక్సైడ్ గురించి బాగా రాశావు. నాడుల చివరల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి వెలువడే ఆ వాయువు నునుపు కండరాన్ని సడలిస్తేనే రక్తం నిండుతుందనీ, అధిక రక్తపోటు ఉన్న ఎలుకలలో సూపర్ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం పెరిగి దాన్ని హరిస్తుందనీ తేటగా చెప్పావు. కానీ కండరాన్ని బిగించి ఉంచే పక్షాన్ని పూర్తిగా వదిలేశావు. 2001లో చిటలే, వెబ్, మిల్స్ తదితరులు ఎలుకలలో ఆ బిగింపును నిలిపి ఉంచే రో-కైనేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటే, నైట్రిక్ ఆక్సైడ్ ప్రమేయం లేకుండానే స్తంభన కలుగుతుందని చూపారు. ఇది లేకుండా కథ సగమే. దానితోపాటు కణజాలంలో కొలాజెన్ అనే పీచు ప్రొటీను పేరుకోవడం గురించి కూడా ఒక పేరా రాయి, ఎందుకంటే సడలింపు కుదరకపోవడం ఒక సమస్య అయితే, సడలవలసిన కండరం స్థానంలో పీచు పెరగడం అంతకంటే మొండి సమస్య.

ఇంత చెప్పాక మనిషి దగ్గరికి రా. ప్రయోగశాల ఎలుక సిగరెట్టు తాగదు, దానికి అప్పుల బెంగ ఉండదు, దాని రక్తపోటు వయసు నెలలే. అధిక రక్తపోటు ఉన్న పురుషులలో ఈ ఇబ్బంది ఎక్కువన్నది నిజమే, కానీ ఆ మాటను మనుషుల మీద జరిగిన అధ్యయనాల ఆధారంతోనే రాయి. ఎలుకను కారణం వివరించడానికి మాత్రమే పిలువు.

నాకు నిజంగా భయం కలిగించింది నీ చివరి పేరా. రక్తపోటు తగ్గించడానికి ఇచ్చే కొన్ని బీటా బ్లాకర్లకూ థయజైడ్ మందులకూ ఈ ఇబ్బందితో సంబంధం ఉందని రాసి అక్కడితో ఆపేశావు. మన పాఠకులలో రోజూ బీపీ మాత్ర వేసుకునేవారు ఎందరో ఉన్నారు. వైద్యుడితో ఈ మాట ఎత్తలేక మౌనంగా మాత్ర మానేసేవాడు పక్షవాతానికో గుండెపోటుకో దారి తెరుస్తాడు. మందు సొంతంగా ఆపవద్దనీ, మరొక మందుకు మార్చే వీలుందేమో వైద్యుణ్ణి నిస్సంకోచంగా అడగమనీ ఆ వాక్యం పక్కనే, అదే పేరాలో రాయి. శీర్షికలో "ఎలుకలలో" అన్న మాట చేర్చి, సవరించిన ప్రతిని అచ్చుకు ఇచ్చే ముందు నాకు పంపు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి