7 నెలల పాప కుడి పిడికిలి విప్పడం లేదు, ఆగి చూడాలా?

పాప 5 వారాలు ముందే పుట్టిందనీ, పుట్టగానే ఏడవలేదనీ, ఇప్పుడు అన్నీ ఎడమ చేత్తోనే అందుకుంటోందనీ, ఇంట్లోవాళ్లు “కొందరు పిల్లలు నెమ్మది” అంటున్నారనీ రాశారు. ఆగొద్దు. ఈ వారంలోనే పిల్లల న్యూరాలజిస్ట్‌కు చూపించండి.

ముందే పుట్టిన పిల్లల వయసులోంచి ఆ వారాలు తీసేసి చూడాలి. అలా చూస్తే పాపకు ఇంకా 6 నెలలు నిండలేదు, కూర్చోకపోవడం గురించి ఇప్పుడే కంగారు వద్దు. చేతి సంగతి వేరు. ఏడాదిలోపు పిల్లలకు కుడివాటం, ఎడమవాటం ఉండవు. ఒకే చేయి వాడుతున్నారంటే రెండో చేయి పనిచేయడంలో ఏదో ఇబ్బంది ఉన్నట్టే. కాన్పులో భుజం దగ్గర నరాలు సాగినా ఒక చేయి కదలదు, కానీ అప్పుడు ఆ చేయి వాలిపోయి ఉంటుంది. బొటనవేలు లోపల పెట్టుకుని పిడికిలి బిగిసి ఉంటే మాత్రం మెదడు వైపు, అంటే సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు, కండరాల పట్టు దారి తప్పడం) అనుమానం ఎక్కువ.

పాప కడుపు నిండి హుషారుగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, తల మధ్యలో ఉంచి, మొహం మీద పలుచని గుడ్డ వేయండి. ఏ చేత్తో లాగేస్తుందో చూడండి. తర్వాత ఎడమ చేతిని మెల్లగా పట్టుకుని మళ్లీ వేయండి, కుడి చేయి వస్తుందా? చంకల కింద పట్టుకుని ఎత్తినప్పుడు రెండు కాళ్లూ సమంగా ఆడిస్తుందా, కత్తెరలా ఒకదానిమీదొకటి పడి మునివేళ్లు కిందకి సాగుతున్నాయా? ఇవన్నీ రెండు మూడు నిమిషాల వీడియో తీసి పట్టుకెళ్లండి. క్లినిక్‌లో పాప ఏడిస్తే డాక్టర్‌కు ఏమీ కనిపించదు.

ఇంకోటి, చాలామంది పొరబడేది ఇక్కడే. చేతులు పట్టి లేపితే కూర్చోకుండా నిటారుగా నిలబడిపోవడం, వెనక్కి విరుచుకుంటూ చాలా ముందే బోర్లా పడటం చూసి “కాళ్లలో బలం ఉంది” అని మురిసిపోతారు. అది బలం కాకపోవచ్చు, కండరాల బిగుతు కావచ్చు. మొదటి నెలల్లో మెత్తగా వేలాడిన పిల్లలే తర్వాత బిగుసుకోవడమూ ఉంది.

పుట్టగానే ఏడవకపోవడం ఒక్కటే సెరిబ్రల్ పాల్సీకి రుజువు కాదు. ఆ తర్వాతి రోజుల్లో ఏం జరిగిందన్నదే ముఖ్యం. డిశ్చార్జ్ సమ్మరీలో 5, 10 నిమిషాల ఆప్గార్ (పుట్టగానే పాప స్థితికి ఇచ్చే మార్కులు), బొడ్డుతాడు రక్తం పీహెచ్ (రక్తంలో ఆమ్లత ఎంతో చెప్పే అంకె, 7.0 కంటే తక్కువైతే తీవ్రమే), మొదటి రోజుల్లో ఫిట్స్, ఎన్నాళ్లకు పాలు చీకింది, కామెర్ల స్థాయి, తల స్కాన్ వెతకండి. ఒక పక్కే దెబ్బతిన్న పిల్లల్లో చాలామందికి కారణం గర్భంలోనో, పుట్టిన కొత్తల్లోనో మెదడుకు వచ్చిన స్ట్రోక్. కాన్పు సాఫీగా జరిగినా అది రావచ్చు. తల్లి మీద నింద వేసుకోవద్దు, వేయనివ్వొద్దు.

డాక్టర్‌ను ‘హైన్’ (పసిపిల్లల కదలికలు, కండరాల పట్టు చూసి మార్కులు వేసే నరాల పరీక్ష) చేయమని అడగండి, 2 నుంచి 24 నెలల వరకు పనికొస్తుంది. దాంతోపాటు ఎమ్మారై. ఎమ్మారై నార్మల్ వచ్చినంత మాత్రాన సెరిబ్రల్ పాల్సీ లేదని కాదు, అది ఉన్న దాదాపు పదిమందిలో ఒకరికి అలాగే వస్తుంది. వచ్చిన పనులు మరిచిపోతుంటే మాత్రం అది సెరిబ్రల్ పాల్సీ లక్షణం కాదు, వేరే జబ్బుల కోసం వెతకాలి. చూపు, వినికిడి పరీక్షలు కూడా చేయించండి.

నిద్ర లేవగానే వరుసగా ఉలిక్కిపడుతూ తల వంచి చేతులు చాపుతుంటే అవి కడుపునొప్పి అనుకోవద్దు, ఒక రకం ఫిట్స్ కావచ్చు. వీడియో తీసి ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

జబ్బు పేరు ఖాయమవ్వాలని థెరపీ వాయిదా వేయొద్దు. మంచి చేతికి మెత్తటి తొడుగు వేసి, రోజుకు సుమారు అరగంట రెండో చేత్తో ఆడించే పద్ధతి ఉంది, థెరపిస్ట్ నేర్పాకే మొదలుపెట్టండి. పిడికిలి విప్పడానికి వేళ్ల చివర్లు లాగొద్దు. మణికట్టును మెల్లగా లోపలికి వంచితే వేళ్లు వాటంతటవే వదులవుతాయి, అప్పుడు బొటనవేలిని మొదలు దగ్గర పట్టుకుని బయటికి తీయండి.