మొదటి పరీక్ష అబ్బాయికే

చిరంజీవులైన అమ్మాయికి, అబ్బాయికి,

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను, ఇద్దరూ కలిసే చదవండి. పిల్లలు కలగడం ఆలస్యమైతే పరీక్షలన్నీ ఆడపిల్లకే చేయించి, ఏడాది గడిచాక "ఒకసారి ఆయన్ని కూడా రమ్మనండి" అనడం ఇప్పటికీ మానలేదు జనం. ఇలాంటి జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. పైగా అతనికి చేసే వీర్య పరీక్షకి సూది కూడా గుచ్చరు. అందుకే అమ్మాయికి మత్తిచ్చి పొట్టలో కెమెరా పెట్టేదాకా పోకముందే అబ్బాయి రిపోర్టు చేతిలో ఉండాలి.

అసలు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన వేళ వచ్చిందా? ఏ జాగ్రత్తా వాడకుండా క్రమంగా కలుస్తూ ఏడాది గడిస్తే వెళ్లాలి. అమ్మాయికి 35 దాటితే ఆరు నెలలే, 40 దాటితే ఆగనే వద్దు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తున్నా, నెలసరిలో భరించలేనంత నొప్పి ఉన్నా, అబ్బాయికి చిన్నప్పుడు వృషణాలు కిందికి దిగక ఆపరేషన్ అయినా ఏడాది లెక్క పెట్టుకోకండి.

"క్రమంగా" అనే మాట దగ్గరే చాలామంది పొరబడతారు. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు. 28 రోజుల చక్రంలో అది 14వ రోజు, 35 రోజుల చక్రంలో 21వ రోజు. అందరికీ 14వ రోజే అనుకుంటే 35 రోజుల చక్రం ఉన్నవాళ్లు ప్రతినెలా వారం ముందే ఆగిపోతారు. అండం బతికేది ఒక్కరోజే, వీర్యకణాలు మాత్రం ఐదు రోజుల దాకా ఉండగలవు. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆరు రోజులే అసలు అవకాశం. ఆ రోజుల్లో రోజు విడిచి రోజు కలిస్తే చాలు. బలం కూడగట్టుకోవాలని వారాల తరబడి దూరంగా ఉంటే కణాల కదలిక తగ్గుతుంది తప్ప లాభం లేదు. జారుడు కోసం దుకాణంలో దొరికే జెల్ వాడుతుంటే మానండి, చాలా రకాలు కణాల కదలికకు అడ్డు. కలయికే సరిగ్గా కుదరడం లేదంటే, నొప్పి వల్లనో గట్టిదనం లేకనో, ఆ మాట మొదటిరోజే డాక్టరుకు చెప్పండి. సిగ్గుపడి దాచిపెట్టి ఏళ్లతరబడి హార్మోన్ మాత్రలు మింగినవాళ్లున్నారు.

ఇక వీర్య పరీక్ష. రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా ఉండి ఇవ్వాలి. సబ్బు, నూనె, ఉమ్మి, మామూలు కండోమ్ ఏవీ తగలకూడదు, ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోకే పట్టాలి. కణాలు ఎక్కువగా ఉండేది మొదటి భాగంలోనే. కొంత ఒలికిపోతే ఆ సంగతి చెప్పండి, లేకపోతే లేని జబ్బు రిపోర్టులోకి ఎక్కుతుంది. ఇంట్లో తీస్తే గంటలోపు చేర్చాలి, దారిలో ఫ్రిజ్ చల్లదనం తగలకుండా ఒంటికి ఆనించి తీసుకెళ్లాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దులు ఇవీ: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. నూటికి నాలుగే బాగున్నాయని చూసి గుండెలు బాదుకోకండి, హద్దే అంత. ఈ అంకెలు ఏడాదిలోపు తండ్రులైన మగవాళ్లలో అడుగున ఉన్న ఐదు శాతం దగ్గర గీసిన గీతలు. కాబట్టి కొంచెం తగ్గినంత మాత్రాన పిల్లలు పుట్టరని అర్థం కాదు.

ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదు. కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. అంటే రెండు నెలల కిందట వచ్చిన గట్టి జ్వరం ఇవాళ్టి రిపోర్టులో కనిపిస్తుంది. మార్పులు చేసుకుని మూడు నెలలకు మళ్లీ ఇవ్వండి. సిగరెట్టు మానడం, వేడినీటి తొట్టెల్లో నానకపోవడం సరే, అంతకన్నా ముఖ్యం: కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే డాక్టరుకు చెప్పి ఆపాలి. మగతనానికి మందు అనుకుని పొడిపించుకునే ఆ ఇంజెక్షనే వీర్యకణాల తయారీని సున్నాకు దింపగలదు, మళ్లీ కోలుకోవడానికి నెలలు పడుతుంది. రిపోర్టులో కణాలే లేవని వచ్చినా అక్కడితో ఆగిపోదు. దారి మూసుకుందా, తయారీయే లేదా అన్నది హార్మోన్, జన్యు పరీక్షలతో తేలుస్తారు. కొందరికి వృషణంలోంచే కణాలు తీయవచ్చు.

అమ్మాయికి తేల్చాల్సినవి మూడు: అండం విడుదలవుతోందా, ట్యూబులు (అండం గర్భసంచికి చేరే గొట్టాలు) తెరిచి ఉన్నాయా, గర్భసంచి బాగుందా. మొదటిదానికి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ రక్తపరీక్ష ఉంది, దాన్ని వచ్చే నెలసరికి వారం ముందు చేయించాలి. 35 రోజుల చక్రం ఉన్నవాళ్లకు 21వ రోజున చేస్తే తక్కువే వస్తుంది. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు కూడా చూస్తారు. ట్యూబుల ఎక్స్‌రే, అంటే హెచ్‌ఎస్‌జీ, నెలసరి ఆగాక అండం విడుదలకు ముందు తీస్తారు. తీసేటప్పుడు నొప్పికి ట్యూబు బిగుసుకుపోయి మూసుకున్నట్టు కనిపించవచ్చు. ఒకవైపు మూసుకుందంటే వెంటనే ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. ఏఎంహెచ్ అనే రక్తపరీక్షలో అంకె చూసి ఏడ్చేవాళ్లు చాలామంది. అది అండాల నిల్వ ఎంతో చెబుతుంది, నాణ్యత ఎలా ఉందో చెప్పదు. నాణ్యతను నిర్ణయించేది ప్రధానంగా వయసే. ప్రయత్నం మొదలైన రోజు నుంచి అమ్మాయి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి.

వైద్యం కారణాన్ని బట్టి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాలు సరిగా పనిచేయకపోవడం) వల్ల అండం విడుదల కాకపోతే ముందు లెట్రోజోల్ మాత్ర. నెలసరి మొదలైన రెండు నుంచి ఐదో రోజు మధ్య ఆరంభించి ఐదు రోజులు, మామూలుగా 2.5 మిల్లీగ్రాములతో. బరువు ఎక్కువుంటే 5 నుంచి 10 శాతం తగ్గినా కొందరికి నెలసరి దానంతటదే గాడిలో పడుతుంది. మందు వాడుతూ స్కాన్ చేయించకపోవడం తప్పు. మూడు నాలుగు ఫాలికల్స్ (అండాలు పెరిగే చిన్న సంచులు) ఒక్కసారే పెరిగితే ఆ నెల వదిలేయాలి, లేకపోతే కవలలు, ముగ్గురు.

ఐయూఐ అంటే శుభ్రం చేసిన వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించడం. కనీసం ఒక ట్యూబైనా తెరిచి ఉంటేనే దానికి అర్థం. మూడు నాలుగు సార్లకు ఫలించకపోతే అదే దారిలో పదిసార్లు తిరగవద్దు, ముఖ్యంగా వయసు 38 దాటితే.

ఐవీఎఫ్ అంటే అండాన్ని, వీర్యకణాన్ని ల్యాబ్‌లో కలిపి, తయారైన పిండాన్ని గర్భసంచిలో పెట్టడం. అందులో పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు, మధ్యలో స్కాన్లు, చివర ట్రిగ్గర్ (అండాలను పక్వం చేసే ఇంజెక్షన్), 36 గంటలకు అండాలు తీయడం. ఆ ట్రిగ్గర్ సమయం నిమిషాలతో సహా రాసుకోండి. గంటలు తేడా వస్తే అండాలు అందకపోవచ్చు. మరిచిపోతే దాచకుండా వెంటనే ఫోన్ చేయండి. పది అండాలొస్తే పది పిండాలని లెక్కేసుకోవద్దు: ఎనిమిది పక్వమైనవి, ఐదారు ఫలదీకరణ చెందేవి, ఐదో రోజుకు నిలిచేవి రెండు మూడు, సుమారుగా. వీర్యం బాగున్నప్పుడు ఇక్సీ, అంటే ఒక్కో కణాన్ని సూదితో అండంలోకి ఎక్కించడం వల్ల అదనపు లాభం లేదు. ట్యూబులో నీరు చేరి ఉబ్బి ఉంటే పిండం పెట్టకముందే ఆ ట్యూబు సంగతి చూడాలి, ఆ నీరు పిండాన్ని నిలవనివ్వదు. రెండు పిండాలు పెట్టమని మీరే బతిమాలకండి, కవలలు నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం ఎక్కువ. అదనంగా అమ్మే ప్రతి ప్రక్రియకూ "దీనివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని రుజువుందా?" అని సూటిగా అడగండి. పిండం పెట్టాక మంచం దిగకుండా పడుకోవడం అనవసరం.

అండాలు తీశాక పొట్ట ఉబ్బి, రోజుకు కిలో చొప్పున బరువు పెరిగి, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను ట్రిగ్గర్‌గా తీసుకున్నవాళ్లు వారం పది రోజుల్లో ఇంట్లో పరీక్ష చేసుకుంటే ఆ మందే గర్భంలా చూపిస్తుంది, చెప్పిన తేదీన రక్తపరీక్షే చేయించండి. గర్భం నిలిచిందంటే, దానికి ఆరేడు వారాలు రాగానే స్కాన్‌లో అది గర్భసంచిలోనే ఉందో లేదో చూడాలి. ఈలోగా ఒక పక్కన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే తెల్లవారేదాకా ఆగవద్దు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ