బారు తీసుకుంటున్నావట, అల్లుడూ

నెల్లూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కావలిలో స్టేషన్ వైపు సందులో ఉన్న పాత బారును నువ్వూ నీ స్నేహితుడూ కలిసి మళ్ళీ తెరుస్తున్నారని చెప్పింది. సంతోషమేసింది. బెంగళూరు పబ్బులో ట్రేలు మోస్తూ మొదలుపెట్టి ఫ్లోర్ మేనేజర్ దాకా వెళ్ళినవాడివి. నేను నా ఉద్యోగమంతా చేసిన హాల్లోనే, నేను కూర్చున్న గల్లా దగ్గరే నువ్వు కూర్చుంటావంటే ఏ మామకైనా ఛాతీ పొంగదా? ఇంతలో మీ అమ్మ ఇంకో మాట అంది. "పాత ఓనరు అరువు పుస్తకం గూడా మనకే ఇచ్చేస్తాడంట అన్నా. రెండు లక్షల దాకా రావాల్సిన బాకీలంట. మంచి బేరమే గదా?"

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

పుస్తకం సంగతికి వస్తా. ముందు చిన్నవి చెప్పేస్తాను.

లైసెన్సు లాటరీలో నీ స్నేహితుడి పేరున వచ్చింది. డబ్బులో సగం నీది, కాగితం మీద మాత్రం నువ్వెక్కడా లేవు. ఎక్సైజు ఆఫీసులో అడిగి, చట్టప్రకారం నీ పేరు ఎలా చేర్చాలో అలా చేర్పించుకో. "మనోడే గదా మామా" అనొద్దు. మనోడు కాబట్టే ఇప్పుడు అడగడం సులువు. రేపు గొడవొచ్చాక అడిగితే మనోడు కూడా మిగలడు. కరెంటు బిల్లు బకాయి ఉంటే తాళాలు తీసుకోకముందే పాత ఓనరు చేత కట్టించు. ఆ బకాయి మనిషి వెంట పోదు, సర్వీసు నంబరు వెంటే ఉంటుంది. మందు మీద జీఎస్టీ లేదు, వ్యాట్ ఉంది. తిండి మీద జీఎస్టీ ఉంది. రెండు లెక్కలూ మొదటి రోజు నుంచే వేరుగా రాయి. 21 ఏళ్ళు నిండని పిల్లోడికి పోయొద్దు, వాడు ఎవరి కొడుకైనా సరే.

గోడలకు నల్ల రంగు, నియాన్ బోర్డు, కింద గ్రానైటు, శనివారం డీజే అంటున్నావట. ఈ బార్ల పాలసీ 2025 సెప్టెంబర్ 1న మొదలైంది, 2028 ఆగస్టు 31తో ముగుస్తుంది. తర్వాత మళ్ళీ చీటీలే. అందులో మీకు వస్తుందో రాదో దేవుడికెరుక. పోయేటప్పుడు ఊడదీసుకుని పోలేని దేని మీదా డబ్బు పెట్టకు. ఫ్రిజ్‌లు కొను, ఏసీలు కొను, మంచి కుర్చీలు కొను. గ్రానైటు మాత్రం బిల్డింగు ఓనరుకు నువ్విచ్చే కట్నం. జనాభా 50 వేలు దాటిన కావలి లాంటి ఊరికి లైసెన్సు ఫీజు ఏడాదికి 55 లక్షలు, దాని మీద ఏటా 10 శాతం పెంపు. 365తో భాగించి చూడు, రోజుకు 15 వేల పైచిలుకు. గాంధీ జయంతికి మూసినా, ఎన్నికలప్పుడు 48 గంటలు మూసినా ఆ 15 వేలు నడుస్తూనే ఉంటాయి. అద్దె, జీతాలు, కరెంటు ఇంకా కలపనే లేదు. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి గల్లా పెట్టె లోపలివైపు అంటించుకో. గోడ మీద వద్దు, పనివాళ్ళు బెదిరిపోతారు.

డీజే గురించి ఒక్కమాటే. ఆ సందులో ఇళ్ళున్నాయి, పరీక్షలకు చదివే పిల్లలున్నారు. రాత్రి 12 దాకా బారు తెరవడానికి అనుమతి ఉందంటే, 12 దాకా గోల చేయమని కాదు.

వంటమాస్టర్ని వదలకు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. వైన్ షాపుల పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూములు వచ్చాక, తాగడానికి మాత్రమే వచ్చేవాడు నీ గడప ఎక్కడు. వాడికి అక్కడే చవక. నీ దగ్గరికొచ్చేవాడు ఫ్యాన్ కింద కుదురుగా కూర్చుని, నలుగురితో మాట్లాడి, ఏదైనా వేడిగా తినాలని వస్తాడు. ఆ మాస్టరు నెత్తళ్ళు వేయించడం ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశావా? జువ్వలదిన్నె నుంచి పొద్దున వచ్చిన చేపకు ఉప్పు, పసుపు, కారం పట్టించి పక్కన పెడతాడు. ఆర్డరు వచ్చాకే, ఒక ప్లేటుకు సరిపడా మాత్రమే నూనెలో వేస్తాడు. బాణలి నిండా వేస్తే నూనె చల్లబడి చేప మెత్తబడుతుందంటాడు. కరివేపాకు స్టవ్ కట్టేశాక వేస్తాడు. ఒక్కో ప్లేటు కాబట్టి ఆలస్యమవుతుంది. నీ బెంగళూరు బుర్రకు అది ఆలస్యంగానే కనిపిస్తుంది. ఆ ఆలస్యంలోనే రెండో పెగ్గు అమ్ముడుపోతుందిరా పిచ్చోడా.

ఇప్పుడు పుస్తకం సంగతి.

1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, నీకు ఊహ తెలియని రోజులు. ఉన్నపళాన బారు మూతపడింది. నేను క్యాషియర్ని. పొడుగ్గా, ఎర్ర అట్టతో అరువు పుస్తకం ఒకటుండేది. తేదీ, పేరు, క్వార్టరు, సోడా, ఆమ్లెట్, పైకం, ఈ వరసలో ఉండేది. రాత నాదే. అప్పటి యజమాని ఆ పుస్తకాన్ని ఒక పద్ధతిలో వాడేవాడు. సంక్రాంతికి ముందు ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, "సగం ఇవ్వు, సగం కొట్టేస్తా" అనేవాడు. చాలామంది ఇచ్చేవాళ్ళు. ఇవ్వనివాళ్ళను మళ్ళీ అడిగేవాడు కాదు. బిట్రగుంట లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన వాళ్ళుండేవాళ్ళు, గుమాస్తాలుండేవాళ్ళు, ఒకరిద్దరు అయ్యవార్లు కూడా. ఎవరి పేరూ పుస్తకం దాటి బయటికొచ్చేది కాదు. నిషేధం ఉన్నన్నాళ్ళూ అదే హాల్లో ఇడ్లీ, భోజనం నడిపారు. నేను టోకెన్లు చింపుతూ కూర్చున్నా. ఎర్ర పుస్తకం బీరువాలో పడి ఉంది.

1997లో నిషేధం ఎత్తేశారు. వ్యాపారం ఇంకొకాయన కొన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, లెక్కల మనిషి. కుర్చీలు, బల్లలు, గ్లాసులతోపాటు పుస్తకాన్ని కూడా బేరంలో కలిపి తీసుకున్నాడు. తెరిచిన మొదటి వారంలోనే ఇద్దరు కుర్రాళ్ళకు సైకిళ్ళిచ్చి, పేర్లు రాసిచ్చి వసూలుకు పంపాడు. వద్దన్నాను. "నా డబ్బు నేను అడుక్కుంటే తప్పా?" అన్నాడు. తప్పేమీ లేదు. చట్టం తీసుకో, ధర్మం తీసుకో, ఆయన అడగొచ్చు.

కుర్రాళ్ళు వెళ్ళిన ఇళ్ళలో ఒక ఇంటాయన అప్పటికే పోయాడు. ఆ సంగతి వీళ్ళకు తెలియదు. భార్యను అడిగి వచ్చారు.

మర్నాడు పదకొండు గంటలప్పుడు ఆమె బారుకొచ్చింది. ఇంకా గిరాకీ లేదు, కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి, నేల మీద ఫినాయిలు తడి ఆరలేదు. చెప్పులు మెట్టు కింద విడిచి లోపలికొచ్చింది. బారులో చెప్పులు విడిచి వచ్చిన మనిషిని నేను అప్పుడే చూశాను. "మీ పిలకాయలు మా ఇంటికొచ్చి అడిగిపోయినారు. ఏం రాసుండారో చూపించండి" అంది. ఓనరు పుస్తకం తిప్పి ముందు పెట్టాడు. చదవలేదనుకున్నాడేమో. ఆమె రాత్రి బడిలో చదువుకున్న మనిషి. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఒక్కో వరసా చదివింది. ఒక తేదీ దగ్గర వేలు ఆగింది. "ఆ దినం మా పాపకు జరం. ఆస్పత్రికి డబ్బుల్లేవన్నాడు" అంది. మమ్మల్ని కాదు, పుస్తకాన్ని చూస్తూ అంది. ఆ వరసలో రెండు క్వార్టర్లు, రెండు సోడాలు, ఒక బోటీ ఉన్నాయి.

బాకీ మొత్తం కట్టింది. సారా పోయాక మన జిల్లా ఆడవాళ్ళు రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు చూడు, ఆ డబ్బులోంచి తెచ్చింది. "కొట్టేయండి" అంది. ఓనరు పెన్ను నా చేతికిచ్చాడు. నేను కొట్టేశాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఓనరు సాయంత్రానికి హుషారుగా ఉన్నాడు, "చూశావా, వసూలవుతాయి" అని. అసలు సంగతి ఆ తర్వాత వారంలో మొదలైంది. ఆమె పొదుపు సంఘంలో చెప్పినట్టుంది. ఒకామె వచ్చి "మా ఆయన పేజీ చూపించండి" అంది. తర్వాత ఇంకొకామె వచ్చింది. వాళ్ళు గొడవ చేయలేదు, రాళ్ళు వేయలేదు, నినాదాలివ్వలేదు. పేజీ చూసి వెళ్ళారు, అంతే. ఫలానా రోజు జీతం రాలేదన్నాడు, ఫలానా రోజు చెల్లెలి ఊరెళ్ళానన్నాడు, అన్నీ తేదీలతో సహా నా రాతలో ఉన్నాయి. ఊళ్ళో ఈ మాట పాకిన తర్వాత, పుస్తకంలో పేరున్న ప్రతి మగాడూ బారు వైపు రాకుండా సందులో అవతలి పక్క నుంచి నడిచేవాడు. బాకీ లేనివాళ్ళు కూడా రావడం మానేశారు. రేపు వాళ్ళ సంగతీ ఎవరో రాస్తారని భయం. ఏడాది తిరక్కుండా ఆయన వ్యాపారం అమ్ముకుని పోయాడు. వసూలైన బాకీలు ఆ కుర్రాళ్ళ జీతాలకైనా సరిపోయాయో లేదో.

నీకిస్తామంటున్న పుస్తకం కూడా అలాంటిదే. ఉచితంగా ఇచ్చినా తీసుకోకు. బేరంలోంచి ఆ రెండు లక్షలు తీసేయమను, తీయకపోతే ఆ మేరకు నష్టపోయి అయినా పుస్తకం ఆయన దగ్గరే వదిలెయ్. పాత గిరాకీ ఎవరైనా వచ్చి "నాది కొంచెం బాకీ ఉండె" అని నసిగితే, "అది ఆయనకూ మీకూ, నాకు తెలియదన్నా, కూర్చోండి" అను. నువ్వు అరువు పెట్టొద్దు. పెట్టక తప్పని మనిషి ఉంటే అది నీ జేబులోంచి పెట్టు, కాగితం మీద పెట్టకు.

ఇప్పుడు అందరూ ఫోన్లతో కడతారు కదా, అది ఇంకో ఎర్ర పుస్తకం. క్యూఆర్ కోడ్ కొడితే అవతలివాడి ఫోన్లో ఏ పేరు పడుతుందో ముందే చూసుకో అని రాయబోయాను. మీ అత్త వెనక నిలబడి చదివి, "పేరెందుకు దాచాలంట? ఏ ఇల్లాలికీ తెలియకూడదా?" అంది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. నువ్వే ఆలోచించుకో.

మీ అత్త సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆమెది దూబగుంట పక్క ఊరు. 1992లో రోశమ్మ, తక్కిన ఆడవాళ్ళు సారా అంగళ్ళకు అడ్డం నిలబడి, వేలం పాటలు ఆపిన రోజుల్లో ఈమె కూడా చీపురు పట్టుకుని వెళ్ళింది. ముందు మన జిల్లాలో, తర్వాత 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. అలాంటి మనిషి బారు క్యాషియర్‌తో ఎలా కాపురం చేసిందని నన్ను చాలామంది అడిగారు. జీతం రోజు తప్ప నా ఉద్యోగం పేరెత్తేది కాదు. ఇప్పుడు నీ సంగతి విని రెండు పూటలు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది: "బెల్టు షాపులకు పొయ్యడు గదా?" పోయవు కదా? నీ బారులోంచి ఒక్క సీసా కూడా పల్లెకు పోకూడదు. నీ సప్లయర్లలో ఎవడో ఒకడు రెండు పెట్టెలు బండి మీద కట్టుకుని పోతానని, నీకూ వాటా ఇస్తానని తప్పకుండా అడుగుతాడు. వాడిని ఆ రోజే పంపించెయ్. అది బయటపడితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోకపోయినా, మీ అత్త చేతి కూడు నీకు పుట్టదు. రెండోదానికే నేను భయపడతాను.

నా ఇంకో భయం రాత్రి 12 తర్వాతది. స్టేషన్ పక్క బారు. పట్టాలు దాటి పోయేవాళ్ళుంటారు, హైవే ఎక్కేవాళ్ళుంటారు. డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికితే 10 వేల జరిమానా, ఆరు నెలల జైలు కూడా పడొచ్చని వాళ్ళకూ తెలుసు, అయినా బండి తీస్తారు. మంచి ఆటో డ్రైవర్‌ను ఒకణ్ణి, తాగనివాణ్ణి చూసి, మూసే వేళకు గేటు దగ్గర ఉండమను. బండి తాళం ఇమ్మని గొడవపడకు, ఎవరూ ఇవ్వరు. "బండి ఇక్కడే ఉంటది, పొద్దున వచ్చి తీసుకో అన్నా, వాచ్‌మెన్ ఉంటాడు" అను. బండి దొంగలెత్తుకెళ్తారన్న భయమే సగం మందిని బండెక్కిస్తుంది. అందుకే వాచ్‌మెన్ జీతం దగ్గర పిసినారితనం చూపించకు.

ఇక నువ్వు. మీ నాన్న సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు, మీ అమ్మకు అందరికన్నా ఎక్కువ తెలుసు. దాని గురించి మళ్ళీ రాయను. గల్లా దగ్గర కూర్చున్నప్పుడు గిరాకీ ప్రేమతో ఒక పెగ్గు నీ ముందు పెడతాడు. మొదటి నెలలోనే పెడతాడు. నాకూ పెట్టేవాళ్ళు. నేను మజ్జిగ గ్లాసు పక్కనే ఉంచుకునేవాణ్ణి, అది ఎత్తి చూపించేవాణ్ణి. వేళాకోళం చేసేవాళ్ళు, చేసుకోనీ. పని అయ్యాక తిన్నావా లేదా అని మీ అమ్మ రోజూ ఫోన్ చేస్తుంది, విసుక్కోకు. ఆమె అడిగేది అన్నం గురించి కాదని నీకు తెలుసు.

ప్రారంభానికి నేను రాను, ఏమీ అనుకోకు. ఆ రోజు దండలు, ఫొటోలు, ఊరి పెద్దల హడావుడి ఉంటుంది. తెరిచిన తర్వాతి బుధవారం మధ్యాహ్నం, గిరాకీ పల్చగా ఉన్నప్పుడు వస్తాను. స్టాకు రిజిస్టరు, డిపో ఇన్‌వాయిస్‌లు, తిండి బిల్లులు విడివిడిగా తీసిపెట్టు. కళ్ళజోడు తెచ్చుకుంటాను. మాస్టరుకు చెప్పు, నాకు నెత్తళ్ళు ఒక ప్లేటు, కారం తక్కువ.

మీ మామయ్య