పాత బోటుకు కొత్త ప్రొపెల్లరు కొనే ముందు

అల్లుడూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రొపెల్లరు ఫొటో చూశాను. రెక్కల అంచులు ఇసుకకు అరిగి కొడవలి పళ్ళలా అయ్యాయి, ఒకదాని కొన విరిగింది. మార్చాల్సిందే. కానీ "దీని మీదున్న నంబరే తెచ్చేస్తా" అన్నావే, అక్కడ ఆగు. ఆ నంబరు ఇంజను కొత్తగా ఉన్నప్పటిది. పాత ఫైబరు బోటు లోపలి ఫోములో నీరు పడుతుంది, పొర మీద పొర రంగు పడుతుంది, బరువెక్కుతుంది. ఇంజనులో కంప్రెషన్ (సిలిండరులో గాలిని నొక్కే బలం) తగ్గుతుంది. అప్పుడు సరిపోయిన ప్రొపెల్లరే ఇప్పుడు భారం. పైగా నీకు ముందు నడిపినవాళ్ళు ఏది దొరికితే అది బిగించి ఉండొచ్చు.

నంబరులో మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. పిచ్ అంటే, జారకుండా ఉంటే ఒక చుట్టుకు ప్రొపెల్లరు ఎంత ముందుకు పోతుందో ఆ దూరం. నీ దాని మీద నంబరు అరిగి సరిగ్గా కనబడకపోతే కొలవాలి. వ్యాసానికి విరగని రెక్క చూసుకుని, హబ్ (రెక్కలు అతుక్కున్న మధ్య గొట్టం) నడిమి నుంచి కొన దాకా కొలిచి రెట్టింపు చెయ్యి. పిచ్ కోసం ప్రొపెల్లరును సమంగా ఉన్న బల్ల మీద హబ్ ఆనేలా పెట్టు. మధ్య నుంచి 3.5 అంగుళాల దూరంలో రెక్క మీద ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా చాక్‌పీసుతో వంపు గీత గియ్యి. ఆ గీత రెండు కొసలూ బల్ల నుంచి ఎంతెంత ఎత్తులో ఉన్నాయో చూసి తేడా తియ్యి. రెండు కొసల కిందా బల్ల మీద గుర్తులు పెట్టి, వాటి మధ్య దూరాన్ని వంపు వెంబడి కొలువు. 3.5 అంగుళాల దగ్గర చుట్టుకొలత 22 అంగుళాలు. ఎత్తు తేడా 2, వంపు దూరం 4 వచ్చిందనుకో: 22ను 2తో హెచ్చించి 4తో భాగిస్తే 11. అదే పిచ్. మూడు రెక్కలూ కొలువు. ఒకటి తేడా వస్తే అది వంగినట్టు.

ఇక అసలు పరీక్ష నీళ్ళ మీదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, దానికి ముందే చేసుకో, ఖాళీ రోజుల్లో బిగించుకోవచ్చు. మామూలుగా వేటకు పోయేంత బరువుతో పో: మనుషులు, వల, ఐసు, నిండు ట్యాంకు. ఖాళీ బోటు మీద తీసిన లెక్క పనికిరాదు. ఇంజను చుట్లు లెక్కపెట్టడానికి స్పార్క్ ప్లగ్ వైరుకు చుట్టే చిన్న టాకోమీటరు చాలు. నీది రెండు స్ట్రోకుల ఇంజను కాబట్టి చుట్టుకు ఒక స్పార్క్ అని సెట్ చెయ్యి, లేకపోతే సగమో రెట్టింపో చూపిస్తుంది. పోటు, గాలి లేని చోట పూర్తి థ్రాటిల్ ఇచ్చి, వేగం నిలకడ పడ్డాక ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లో) రాసుకో. ఎదురు దిశలో మళ్ళీ ఒకసారి.

మాన్యువల్లో పూర్తి థ్రాటిల్‌కు 4500–5500 అని ఉందనుకో. నీకు 12 పిచ్ మీద 4400 వచ్చిందనుకో. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. అంటే 10 పిచ్ వేస్తే 4700–4800. బరువు మోసే బోటుకు అది బాగానే ఉంటుంది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు మాత్రం 5500 దాటకుండా థ్రాటిల్ మీద చెయ్యి ఉంచు. ఎక్కువ పిచ్ పెట్టుకుని ఇంజనును ఈడ్పించడం దానికంటే చెడ్డది: కార్బన్ పేరుకుంటుంది, వేడెక్కుతుంది, చివరికి పిస్టన్ కాలుతుంది. "పెద్ద పిచ్ అయితే ఎక్కువ స్పీడు" అని రేవులో చెప్పేవాళ్ళ మాట వినకు, తిప్పే బలం ఇంజనుకు ఉంటేనే అది నిజం.

పరీక్షకు ముందు మూడు చూడు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు కార్బురేటరు దగ్గర పూర్తిగా తెరుచుకుంటోందా (కేబుల్ వదులైతే తెరుచుకోదు). అడుగున గుల్లలు, నాచు గీకావా. సిలిండర్ల కంప్రెషన్ మధ్య పదిహేను శాతానికి మించి తేడా ఉందా. ఇవి సరిచెయ్యకుండా కొన్న ప్రొపెల్లరు, జబ్బుతో చిక్కినప్పుడు కొలిచి కుట్టించిన చొక్కా లాంటిది.

ఇంజను గోల పెడుతూ బోటు మాత్రం కదలకపోతే తప్పు పిచ్‌ది కాకపోవచ్చు. హబ్ లోపలి రబ్బరు జారుతుండొచ్చు. లోపలి గొట్టం మీదుగా బయటి హబ్ దాకా పెయింటుతో ఒకే గీత గీసి నడుపు. గీత రెండుగా విడిపోతే రబ్బరు పోయినట్టే.

లోహం సంగతికొస్తే నీకు అల్యూమినియమే మేలు. స్టెయిన్‌లెస్ రెక్క పలుచగా ఉండి నీటిని బాగా కోస్తుంది, ఇసుకకు తట్టుకుంటుంది, నిజమే. కానీ వరదకు గోదావరి తెచ్చే దుంగకు తగిలితే అల్యూమినియం రెక్క విరిగి గేర్లను కాపాడుతుంది. స్టెయిన్‌లెస్ విరగదు, దెబ్బ లోపలికి పోతుంది. గేర్ల ఖర్చు ముందు ప్రొపెల్లరు ఖర్చు ఎంత?

కొట్లో నంబరొక్కటే చెప్పకు, పాతది చేత్తో పట్టుకెళ్ళు. లోపలి స్ప్లైన్ పళ్ళు (షాఫ్టు గాళ్ళలో పట్టేవి) లెక్కపెట్టి సరిచూడు. హబ్ బయటి వ్యాసం గేరు పెట్టె వెనక అంచుకు సరిపోవాలి. లేకపోతే పొగ రెక్కల మీదికి వచ్చి నీటి పట్టు పోతుంది. తిరిగే దిశ కూడా చూసుకో.

బిగించేటప్పుడు ముందు ప్లగ్ వైర్లు తీసెయ్యి. పాతది ఊడదీశాక షాఫ్టుకు తంగూసు చుట్టుకుందేమో చూడు. అది ఆయిల్ సీలును కోసేస్తుంది, గేరు ఆయిల్ పాలలా తెల్లబడితే అప్పటికే కోసింది. స్ప్లైన్లకు నీటికి కరగని గ్రీజు పూయి. త్రస్ట్ వాషర్ (ప్రొపెల్లరు తోపుడును మోసే మందపాటి వాషరు) ముందు, దాని ఏటవాలు వైపు షాఫ్టు ఏటవాలుకు ఆనాలి. అది మరిచిపోతే ప్రొపెల్లరు గేరు పెట్టెను రాసుకుంటుంది. తర్వాత ప్రొపెల్లరు, స్పేసరు, వాషరు, నట్టు. రెక్కకూ, ప్రొపెల్లరు పైన అడ్డంగా ఉండే పలకకూ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి, మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు బిగించు. పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించు గానీ వదులు చెయ్యకు. పిన్ను ప్రతిసారీ కొత్తది, స్టెయిన్‌లెస్‌ది. గంట నడిపాక మళ్ళీ బిగుతు చూడు.

పాతదాన్ని పారెయ్యకు. రెక్క మొదట్లో పగులు లేకపోతే కొన కట్టించి, బ్యాలెన్స్ చేయించి, ఒక నట్టు, రెండు పిన్నులు, వాషర్లతో కలిపి బోటులోనే సంచిలో ఉంచు. సరిపడే పానా కూడా అందులోనే వెయ్యి.

మీ మావయ్య