నల్ల తెర మీద ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అని ఆగిపోతే

ప్రశ్న: మా పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది. బ్యాటరీ పోయింది, ఛార్జర్ మీదే నడుస్తోంది. గాలివానకు కరెంటు పోయి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అని వచ్చి కదలడం లేదు. ఫార్మాట్ చేయాల్సిందే అంటున్నారు. మా అబ్బాయి ప్రాజెక్టు అందులోనే ఉంది.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఫార్మాట్ వద్దండీ. సగంలో ఆగిన మార్పులను ఈఎక్స్‌టీ4 (ఉబుంటు డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) తన జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) చూసి మామూలుగా తానే సర్దుకుంటుంది. అలా సర్దుకోలేని తేడా కనబడితే బూట్ మొదట్లో వచ్చే ఈ ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ తెర దగ్గరే ఆగి, మీరు చెప్పేదాకా ముందుకు వెళ్లదు. ఇప్పుడు జరిగింది అదే.

ముందు ఛార్జర్‌ను ఇన్వర్టర్ లైనుకు పెట్టండి. మరమ్మతు మధ్యలో కరెంటు పోతే ఇప్పటికన్నా ఎక్కువ నష్టం. తర్వాత ‘ఎగ్జిట్’ అని టైప్ చేసి ఎంటర్ కొడితే పాడైన పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) పేరు కనిపిస్తుంది. ఎస్‌డీఏ2 అనుకుందాం. ‘ఎఫ్‌ఎస్‌సీకే’ (డిస్క్ లెక్కల్లో తప్పులు వెతికి సరిచేసే కమాండ్) అని కొట్టి, ఖాళీ వదిలి, ‘స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ2’ ఇవ్వండి. ఒక్కో తప్పు దగ్గర ‘ఫిక్స్?’ అని అడుగుతుంది. వందలకొద్దీ అడుగుతుంటే ‘ఏ’ నొక్కండి, మిగతావన్నీ ఒప్పుకున్నట్టే. ముగిశాక ‘రీబూట్’.

‘బ్యాడ్ మ్యాజిక్ నంబర్’ అని వస్తే కంగారు పడకండి. చాలాసార్లు పార్టిషన్‌కు బదులు మొత్తం డిస్క్ పేరు, అంటే చివరి అంకె లేకుండా, ఇచ్చి ఉంటారు. పేరు సరిగ్గానే ఉంటే సూపర్‌బ్లాక్ (పార్టిషన్ వివరాలన్నీ ఉండే బ్లాకు) చెడినట్టు. దాని నకళ్లు డిస్క్‌లోనే ఉంటాయి. 4 కేబీ బ్లాకులైతే మొదటి నకలు 32768 దగ్గర. ‘ఈ2ఎఫ్‌ఎస్‌సీకే హైఫన్ బీ 32768’ తర్వాత పార్టిషన్ పేరు ఇవ్వండి.

‘ఇన్‌పుట్ ఔట్‌పుట్ ఎర్రర్’ వచ్చినా, డిస్క్ టకటకమన్నా మాత్రం అక్కడే ఆపేయండి. చచ్చిపోతున్న డిస్క్ మీద ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే ఉన్నదీ పోతుంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో (నేరుగా దాని నుంచే ఉబుంటు నడిచేది) బూట్ చేసి, ‘డీడీరెస్క్యూ’తో ఇంకో డిస్క్‌కు నకలు తీసి, మరమ్మతు ఆ నకలు మీద చేయాలి.

బాగయ్యాక కొన్ని ఫైళ్లు కనిపించకపోతే ‘లాస్ట్+ఫౌండ్’ ఫోల్డర్ చూడండి. పేర్లు పోయి, హ్యాష్ గుర్తు, అంకెలతో పడి ఉంటాయి. ‘ఫైల్’ కమాండ్ ఇస్తే ఏది ఫొటోనో, ఏది డాక్యుమెంటో చెబుతుంది.

ప్రశ్న: సిస్టం తెరుచుకుంది కానీ చివరగా సేవ్ చేసిన ఫైలు సున్నా బైట్లు చూపిస్తోంది. జర్నల్ ఉంది కదా?
– ఒక విద్యార్థి, మలక్‌పేట

జవాబు: మామూలు సెట్టింగుల్లో జర్నల్‌కు ఎక్కేది ఫైళ్ల పేర్లు, చిరునామాల లెక్కే, లోపలి సరుకు కాదు. సేవ్ నొక్కిన డేటా ర్యామ్‌లో దాదాపు 30 సెకన్లు నిలవ ఉండొచ్చు. ఆలోగా కరెంటు పోతే పేరు మిగులుతుంది, సరుకు పోతుంది. ముఖ్యమైనది సేవ్ చేశాక టెర్మినల్‌లో ‘సింక్’ కొట్టండి, ర్యామ్‌లో ఉన్నది డిస్క్‌కు ఎక్కుతుంది.

బ్యాటరీ మీద నడిపేవాళ్లకు ఇంకో జాగ్రత్త. బ్యాటరీ 2 శాతానికి దిగాక గానీ యూపవర్ (బ్యాటరీని కనిపెట్టి ఉండే సర్వీసు) సిస్టంను ఆపదు. ముసలి బ్యాటరీ చూపే 2 శాతాన్ని నమ్మలేం. దాని సెట్టింగుల ఫైలు ‘యూపవర్.కాన్ఫ్’లో ‘పర్సంటేజ్‌యాక్షన్’ను 10 చేయండి. అదొక్కటే మారిస్తే చాలదు: ‘లో’, ‘క్రిటికల్’, ‘యాక్షన్’ మూడూ దిగుతూ రావాలి, 25, 15, 10 లాగా. వరుస తప్పితే మీ అంకెలు వదిలేసి పాతవే వాడుకుంటుంది. మార్చాక యూపవర్ సర్వీసును రీస్టార్ట్ చేయండి.